సానరాయి తాగిన పసుపునీళ్లు

అరవైల చివరి సంగతి. బీఎస్సీ ఫిజిక్సు పాసయ్యాను, శ్రీకాకుళం కాలేజీకి నాతో పని తీరిపోయింది. ఉద్యోగం ఆర్డరు పోస్టులో వస్తుందని ఇంట్లో అందరూ నమ్మేవారు. పోస్టుమేన్ ఒక్కడే నమ్మేవాడు కాదు. ఇక్కడ ఊరికే కూర్చునే బదులు అక్కడ కూర్చోమని నన్ను సాలూరులో అక్క ఇంటికి పంపించారు.

బావకి ఇంటి ముందే, లారీలు ఆగే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉండేది. లారీల సామాను బాగుచేసేవారు. పనంతా ఒక ముసలి మేస్త్రీ చేతుల మీద నడిచేది. ముప్పై ఏళ్లుగా ఆకురాయి పట్టి ఇనుమును అరగదీసిన మనిషి. చేతులు బాగానే ఉన్నాయి గాని కళ్లు మసకబారాయి. ఇనుము మీద గీసుకున్న గీత కనపడక, గీత దాటి అరగదీసేస్తున్నాడు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కాదు.

దసరా ముందు బావ విశాఖపట్నం నుంచి కరెంటు గ్రైండరు తెచ్చాడు. మధ్యలో మోటారు, దానికి రెండు పక్కలా బయటికి వచ్చిన ఇరుసు. కుడి కొసకి సానరాయి, ఎడమ కొసకి మెరుగు పెట్టే గుడ్డ చక్రం బిగించుకోవాలి. బావ మేస్త్రీకి నెమ్మదిగానే చెప్పాడు. దీని మీద పని కుదిరితే ఉండమన్నాడు. కుదరకపోతే విజయనగరం నుంచి ఒక ఫిట్టరుని రప్పిస్తానని, మేస్త్రీ ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవచ్చని అన్నాడు. మేస్త్రీ ఇంట్లో సంపాదించే మనిషి ఇంకొకరు లేరు. విశ్రాంతికి ఆయన ఏమాత్రం సిద్ధంగా లేడు.

యంత్రంతో వచ్చిన ఇంగ్లీషు కాగితం చదవడం నా ఉద్యోగం. ముందు గుడ్డ చక్రం ఎక్కిద్దామని ఎడమ పక్క నట్టుకి పానా వేశాను. నట్టన్నది ఎడమకి తిప్పితే ఊడుతుందని నా చదువు. అరగంట సేపు, ఊడదీస్తున్నాననుకుంటూ, దాన్ని బిగించాను. మేస్త్రీ ఇరుసును చేత్తో రెండుసార్లు తిప్పి చూసి, పానా అందుకుని కుడికి ఒక్క గుంజు గుంజాడు. ఊడింది.

“ఇరుసు ఇటు పరిగెడితే నట్టు ఎనకబడిపోతాది గదా బాబూ. మామూలు మరసుట్లైతే పని మజ్జిలో ఊడొచ్చి మన మీద పడతాది. అందుకే ఈ పక్క సుట్లు తిరగేసి కోసినారు,” అన్నాడు.

ఆ మాట కాగితం రెండో పేజీలో ఉంది. నేనింకా మొదటి పేజీలోనే ఉన్నాను.

ఆయుధ పూజ నాడు పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టడం ఆ షెడ్డులో ఆనవాయితీ. సానరాయిని ఇంకా యంత్రానికి ఎక్కించలేదు. అక్క దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బొట్లు అందరికీ కనపడేలా దేవుడి పటం కింద గోడకి ఆనించి నిలబెట్టింది. కొత్త రాయిని వట్టి నేల మీద పెట్టడం మనసొప్పక, పసుపునీళ్లు పోసిన లోతైన ఇత్తడి తాంబాళంలో పెట్టింది. కాసేపటికి నీళ్లు తగ్గాయి, ఇంకో చెంబు పొయ్యమంది. పోశాను. నీళ్లు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న ఫిజిక్సు చదివినవాడికి రావలసిందే. ఆ వేళ పులిహోర ఉంది.

మర్నాడు మధ్యాహ్నం రాయిని తాంబాళంలోంచి తీశారు. ఎక్కించే ముందు వేలికి తగిలించి కర్రతో కొట్టి వినమని కాగితంలో ఉంది. గంటలా మోగాలట. మేస్త్రీ కొడితే మోగలేదు, మూలిగింది. కొత్త రాయి కదా, బిడియపడుతోందని నేను వ్యాఖ్యానం చెప్పాను. మేస్త్రీ రాయికి రెండు పక్కలా అట్ట బిళ్లలు వేసి, వాషర్లు పెట్టి, నట్టు బిగించాడు. బావ స్విచ్చి వేశాడు.

బల్ల గడగడా ఊగిపోయింది. డబ్బాలో మేకులు గెంతాయి. బావ తెల్ల చొక్కా మీద పసుపు చుక్కలు నిలువునా వరస కట్టాయి. గుమ్మంలోంచి చూస్తున్న అక్క శుభమంది. మూడుసార్లు విప్పి బిగించినా అంతే.

“నీ సెయ్యి కూడా అదురుతన్నాది మేస్త్రీ. బిగింపు కుదర్నేదు,” అన్నాడు బావ. విజయనగరానికి కార్డు రాయమని నాకు చెప్పి లోపలికి వెళ్లాడు. కోపంగా అని ఉంటే బతిమాలుకోవచ్చు. మామూలుగానే అన్నాడు.

మేస్త్రీ స్విచ్చి జోలికి పోకుండా రాయిని చేత్తో తిప్పి వదిలేశాడు. అది తిరిగి తిరిగి ఆగాక అడుగున సుద్దతో గీత పెట్టాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ గీతే అడుగుకొచ్చి ఆగింది. మూడోసారీ అంతే. నేను గురుత్వ కేంద్రం గురించి నాలుగు మాటలు చెప్పాను. ఎవరూ కాదనలేదు. ఆయన రాయిని విప్పి చెంపకి ఆనించుకున్నాడు, ముందు ఒక సగం, తరవాత రెండో సగం.

“ఇటు సల్లగున్నాది బాబూ.” వాసన చూశాడు. “పసుపు.”

నిన్నటి నుంచి రాయి ఒక సగంతో నీళ్లు తాగి కూర్చుంది. ఆ సగం బరువెక్కింది. బిగింపులో తప్పులేదు. పరుగెత్తుకెళ్లి బావకి చెప్పేద్దామన్నాను.

మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. “అమ్మగోరి పూజ వల్లే సెడిందని ఏ నోటితో అంటాను? నానేటీ సెప్పను. నువ్వూ సెప్పకు,” అని, తన ఆకురాళ్లు ఒక్కొక్కటే గోనెసంచిలో సర్దుకోవడం మొదలెట్టాడు.

లోపలికెళ్లాను. అక్క పేరెత్తలేదు. రాయిని పళ్లెంలో నీళ్లలో ఉంచామని, రెండో చెంబు పోసింది నేనేనని మాత్రం చెప్పాను. అందులో అబద్ధం లేదు. బావ నా వైపు తిరిగాడు.

“బీఎస్సీలో ఏటి సెప్పినార్రా నీకు?”

“కాంతి, ఉష్ణం, శబ్దం.”

“తడి సెప్పనేదేటి?”

కార్డు రాశావా అని అడిగాడు. లేదన్నాను. అయితే రాయి ఆరిందాకా ఆగమన్నాడు.

రాయిని పెరట్లో అక్క వడియాల పక్కన ఎండేశాం. మేస్త్రీ గంటకోసారి వచ్చి తిరగేసి వెళ్లేవాడు. వడియాలు రెండో రోజుకే ఆరాయి. రాయి నాలుగో రోజు వేలికి తగిలించి కొడితే మోగింది. ఆయన ఎక్కించి, మమ్మల్ని పక్కకి తప్పుకోమని, స్విచ్చి వేసి, తనూ పక్కకి జరిగి కాసేపు ఉత్తినే తిరగనిచ్చాడు. బావ నిండుగా నీళ్లున్న గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చుక్క ఒలకలేదు.

మేస్త్రీ ఒక మొండి ఉలి అందుకున్నాడు. పని మీదికి వంగి చూడలేదు. తల ఒక పక్కకి వాల్చి, రాయి చేసే చప్పుడు వింటూ సానపట్టి, బొటనవేలితో అంచు తడిమి, మళ్లీ పట్టాడు. గీత చూడాల్సిన అవసరమే రాలేదు. బావ ఉలి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. బల్ల మీది పానా తీసి మేస్త్రీకి ఇచ్చాడు.

“ఇది నీ కాడే ఉంచు.”

మేస్త్రీ పానా మొలలో దోపుకుని ఇంకో ఉలి అందుకున్నాడు.