మావయ్య అంటించిన చీటీలు

ఈ ఉదయం మా కంప్యూటర్ తనంతట తానే కొత్త ప్రోగ్రాం ఒకటి తెచ్చిపెట్టుకుంది. పేరు చూస్తే అది ఉత్తరాలు రాస్తుందో, లెక్కలు కడుతుందో, మన ఆస్తి రాయించుకుంటుందో బ్రహ్మకైనా తెలియదు. వెంటనే బారిడీహ్‌లో ఉండే మావయ్య గుర్తొచ్చాడు.

మావయ్య ఆ హిందీవాళ్ల ఊరి కార్ఖానాలో కరెంటు పని చేసేవాడు. అక్కడ ప్రతి స్విచ్చు మీదా అదేం చేస్తుందో రాసి ఉంటుంది. మరమ్మతు జరుగుతుంటే ఎర్ర చీటీ కడతారు. కట్టినవాడే దాన్ని విప్పాలి. జనరల్ మేనేజరు వచ్చి కాళ్లు పట్టుకున్నా ఇంకొకడు ముట్టడానికి వీల్లేదు. రిటైరయ్యాక కొన్న, తెరనే వేలితో నొక్కే కంప్యూటర్లో ఆ మర్యాద కనిపించక మండిపోయాడు. "పేరు సూత్తే ఏటి సేత్తదో తెలిసిపోవాల. ఈటికి పేర్లెట్టినోడెవడ్రా?" అంటూ తెర నిండా చీటీలు అంటించాడు: పాటలు, ఉత్తరాలు, పేకాట. సాక్చీ బజారు గోడల మీద కూడా అన్ని కాగితాలుండవు. ఒక మూల మాత్రం అరచేయంత ఎర్ర చీటీ: "ముట్టకు." దాని కింది ప్రోగ్రాం పేరు అగరొత్తుల పేరులా ముద్దుగా ఉండేది. ముద్దుగా ఉంది కదా అని ఒకసారి నొక్కితే, కూతురి పెళ్లి ఫోటోలన్నీ తుడిచిపెట్టేసింది; ఆ రోజే అంటించాడు ఆ చీటీ.

ఒకరోజు శ్రీకాకుళం ఆసుపత్రిలో అత్త అన్నగారికి గొంతు ఆపరేషన్. ఆయనకు అప్పటికే మాట పడిపోయింది. లోపలికి తీసుకెళ్లే ముందు వీడియో కాల్‌లో ఒక్కసారి మొహం చూపిస్తానని ఆయన కొడుకు కబురు పెట్టాడు. ఆ రోజు నేను మావయ్య ఇంట్లోనే ఉన్నాను; నా దగ్గరున్నది బొత్తాల ఫోను, కంప్యూటరే దిక్కు. అత్త తెర ముందు రాయిలా కూర్చుంది. మావయ్య సరిగ్గా అప్పుడే స్నానానికి వెళ్లాడు.

కంప్యూటర్ మోగింది. నొక్కాల్సిన పచ్చ బొత్తాం పోయి పోయి ఎర్ర చీటీ కిందే తేలింది. సన్నగా అంచు కనిపిస్తోంది. చీటీ తీద్దామని నేను చెయ్యి చాపాను.

"ఒరే, ముట్టకు! ఆయన అంటించింది ఆయనే తియ్యాల!" అత్త కేక ఊరి అవతలి పర్సుడీహ్ దాకా వినబడి ఉంటుంది.

"అత్తా, మీ అన్నయ్యని లోపలికి తీసుకెళ్లిపోతారే!"

"ఏవండీ, వత్తన్నారా?"

"ఆతా హూ, ఆతా హూ! వత్తన్నా, కళ్లల్లో సబ్బడింది!" స్నానాల గదిలోంచి మావయ్య.

మోత ఆగిపోయింది. నా గుండె చప్పుడుకి కిటికీ అద్దాలు కదిలాయి.

మళ్లీ మోగింది. ఈసారి అత్త స్నానాల గదివైపు చూడలేదు. గోళ్లతో చీటీని పర్రున చింపి, బొత్తాం నొక్కింది. తెరలో చక్రాల మంచం మీద అన్నగారు చెయ్యెత్తాడు.

"అన్నయ్యా, ఏటైనా తిన్నావా?" అంది అత్త, ఆపరేషన్‌కి పోయే మనిషిని.

ఆయన చప్పుడు లేకుండా పగలబడి నవ్వాడు. మంచం కదిలింది.

సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చిన మావయ్య, చిరిగిన చీటీని చూసి, అత్తను చూసి, పక్కన కూర్చున్నాడు.

అన్నగారు ఆపరేషన్ గదిలోంచి ప్రాణాలతో తిరిగి రాలేదు. అత్త ఇప్పటికీ ఆ నవ్వు గురించే చెబుతుంది. ఇన్నేళ్లలో మేమందరం ముసలివాళ్లమయ్యాం గానీ, ఆ నవ్వుకి మాత్రం వయసు రాలేదు.