ముందుకి జరిపిన సీటు

మా అప్ప, అంటే అక్క, నాకన్నా ఆరేళ్ళు పెద్దది. ఎత్తులో మాత్రం నా భుజం దాకా కూడా రాదు. ఏభై దాటాక కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. బొబ్బిలిలో వాళ్ళింటి ముందు, లైసెన్సు లేకుండా, పక్కన ఎవరూ లేకుండా, కింద దిండేసుకుని బండి తీసింది. తీసింది తీసినట్టే వెళ్ళి సొంత గేటు స్తంభానికి గుద్దింది. బంపరు, హెడ్‌లైటు పోయాయి. అప్పకి చిన్న గీత కూడా పడలేదు గానీ మా బావకి గుండె ఆగినంత పనైంది.

"ఇన్సూరెన్సు ఉన్నాది కదేటి?" అన్నాడు బావ.

"లైసెన్సు లేని మనిషి తోలితే పైసా రాదు" అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. సర్కారు బళ్ళో ఇంగ్లీషు మాస్టర్ని, ఫారాలు నింపడంలో నన్ను మించినోడు లేడని చుట్టాల్లో పేరు. ఆ పేరే నా కొంప ముంచింది. "నువ్వే తోలినావని రాసేద్దాం బావా, నీకు లైసెన్సు ఉంది గదా" అన్నాను.

"ఒరే, నాను సండేస్కూల్లో పిల్లలకి అబద్ధమాడొద్దని సెప్తాన్రా!" అని అప్ప మొత్తుకుంది.

"ఇది అబద్ధం కాదే అప్పా, ఫారం" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బావ తెలుగులో సంతకం పెట్టాడు. అలా పెడితే, ఇంగ్లీషు ఫారంలో ఉన్నదంతా ఆయనకి చదివి వివరించానని ఇంకొకరు సంతకం చెయ్యాలి. అక్కడ నేను స్టయిలుగా గీకాను. దాని పైనే, తప్పుడు సమాచారం ఇస్తే శిక్ష తప్పదని చిన్న అక్షరాల్లో ఉందట. వివరించినవాడు అది చదవలేదు.

పది రోజులకి కంపెనీ తరఫున విచారణకి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు. టీ తాగి, ప్రమాదం జరగ్గానే బావ తీసి పంపిన ఫొటో ఫోన్లో చూపించాడు. అందులో డ్రైవరు సీటు స్టీరింగుకి ఆనుకునేంత ముందుకి జరిపి ఉంది, మీద పువ్వుల దిండు. "ఒకసారి ఇలాగే కూర్చుని చూపించండి" అన్నాడు. మా బావ ఆరడుగుల మనిషి. సీటు ముందుకి జరిపి, దిండేసి, ఒక కాలు లోపల పెట్టాడు. రెండోది పట్టలేదు. మోకాలు తగిలి హారన్ మోగింది, వీధంతా బయటికొచ్చి చూసింది.

ఆయన నవ్వలేదు. "తప్పుడు క్లెయిమ్ అంటే మోసమండీ. కేసై రుజువైతే ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. సంతకం పెట్టిన మాస్టారికైతే ఉద్యోగం కూడా పోవచ్చు" అని నా వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం, ఒక బంపరు కోసం! నా నోరు పడిపోను, ఆ సలహా ఎందుకిచ్చానురా దేవుడా అనుకున్నాను.

"నానే తోలినాను బాబూ" అంటూ అప్ప వంటింట్లోంచి వచ్చింది. "ఆ డబ్బు మాకొద్దు. వద్దని రాసిచ్చేస్తాం."

ఆయన మెత్తబడ్డాడు. క్లెయిమ్ వెనక్కి తీసుకుంటే పైవాళ్ళకి చెప్పి చూస్తానన్నాడు. "మరి మీవారు తోలారని రాయించిందెవరమ్మా?"

బావ నన్ను చూశాడు. నేను నేల చూశాను.

"నానే రాయించినాను" అంది అప్ప. "మా తమ్ముడికి ఏటీ తెలీదు. నాను సెప్పిందే రాసినాడు."

"అంతేనా మాస్టారూ?" అని ఆయన నన్నే అడిగాడు.

"అంతేనండీ" అన్నాను.