ఎనిమిదో సంతకం

రిటైరవడానికి రెండేళ్ల ముందు, రాజమహేంద్రవరంలో స్పెషల్ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న నన్ను, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఒక నియోజకవర్గం ఉప ఎన్నికకి రిటర్నింగ్ ఆఫీసరుగా వేశారు. అది ఆషాఢమాసం. నామినేషన్లు తీసుకోవడం, పరిశీలించడం, చివరికి ఫలితం ప్రకటించడం ఆ అధికారి పని.

చివరి రోజు మధ్యాహ్నం మూడింటితో గడువు సరి. రెండుంబావుకి నూకరత్నం వచ్చింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి, స్వతంత్ర అభ్యర్థి. పడవలు సముద్రంలోకి వెళ్లే మొగ ఇసుకతో పూడిపోయిందనీ, ఏళ్ల తరబడి ఎవరూ తవ్వించలేదనీ, పోటీలో ఉంటేనన్నా తన మాట వింటారని నిలబడుతున్నాననీ చెప్పింది. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ఒక ఓటరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రులకి ఆ నియోజకవర్గం ఓటర్లే పదిమంది సంతకం చెయ్యాలి. ప్రతి పేరూ ఓటర్ల జాబితాతో సరిచూసి, తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పడం నా విధి.

నేను సరిచూడలేదు. తలుపు దగ్గర ఒక పెద్ద పార్టీ అభ్యర్థి మనుషులు, రెండూ ఇరవై దాటితే ముహూర్తం పోతుందని ఒకటే తొందర. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గానీ నామినేషన్లకి మంచి గడియలకి లోటుండదు. నూకరత్నం పేరొక్కటీ చూసి, సంతకాలు పదీ లెక్కపెట్టి, రసీదు ఇచ్చి పంపేశాను.

నాలుగింటికి మనసొప్పక ఆ కాగితాలు మళ్లీ తీశాను. ఎనిమిదో ప్రతిపాదకుడు వేసిన వరస సంఖ్య దగ్గర మా జాబితాలో ఇంకెవరిదో పేరుంది. యానాం జాబితా తెప్పించి చూస్తే ఆ ప్రతిపాదకుడి ఓటు అక్కడుంది. చుట్టూ మన ఊళ్లే అయినా యానాం పుదుచ్చేరి కిందిది. గడువు దాటాక కొత్త సంతకం చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. కలెక్టరు గారికి ఫోన్ చేస్తే, పరిశీలనలో నిర్ణయం మీదేనండి, నేను చెప్పకూడదు అన్నారు. ఆ సాయంత్రమంతా గెస్ట్‌హౌస్ వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

మర్నాడు పదకొండింటికి పరిశీలన. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎవరికీ తెలియదు. ఊరుకుంటే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అయితే అభ్యంతరం రాకపోయినా, లోపం కంటబడితే అధికారి వదలకూడదు. ఎనిమిదో ఆయన ఎవరమ్మా అని అడిగాను.

“మా తమ్ముడండి. పాయ అవతల యానాంలో ఉంటాడు. పెళ్లికైనా చావుకైనా ఇటోళ్లు అటు, అటోళ్లు ఇటు వత్తానే ఉంటారండి. సంతకానికి పనికిరాడని తెలీదండి.”

నామినేషన్ తిరస్కరిస్తూ, కారణం రాసి, చదివి వినిపించాను. ఆవిడ గొడవ చెయ్యలేదు.

“నిన్న ఈ మాట అడిగుంటే బాగుండేదండి. గేటు బయట మా ఊరోళ్లు నలభై మంది నిలబడే ఉన్నారు కదండి.”

ఉన్నారు. కిటికీలోంచి నేనూ చూశాను. వాళ్లలో ఒకరిని పిలిపించి సంతకం పెట్టించుకోవడానికి ముప్పావుగంట టైముంది. తరవాత ప్రచారం జోరుగా సాగింది. మొగ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ పైన ఇంకొక్క ఎన్నికకి పనిచేశాను. ముహూర్తం అన్నవాళ్లని బయట కూర్చోబెట్టి, జాబితాలో ప్రతి పేరు మీదా వేలుపెట్టి చూశాకే రసీదు రాశాను. నూకరత్నం విషయంలో నేనిచ్చిన ఉత్తర్వు ఏ కోర్టులోనైనా నిలబడుతుంది. అధికారి చేసిన పొరపాటుకి శిక్ష ఇంకొకరికి, అదీ చట్టప్రకారమే, పడగలదని నేను నేర్చుకున్నది అక్కడే.