కిటికీ గట్టు మీద కొబ్బరి బోండాలు

సిస్టరమ్మ పోయిన మంగళవారం ఉదయం రాయపూర్ మోవాలోని తన ఇంట్లో చనిపోయారు. ఏడాదిగా ఆమెకి రెండు కిడ్నీలూ సరిగా పనిచేయడం లేదు. ఆమెతో ఉంటున్న మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తయ్య పోయింది అన్నయ్యా. ఎనిమిదీ పదికి. టైము రాసి పెట్టాను," అంది. టైము రాసి పెట్టడం ఆ ఇంట్లో అలవాటు.

నేను పనిచేసే హిందీ దినపత్రికలో నాలుగు వాక్యాలు వేశాం. పెద్దాసుపత్రి ఇంటెన్సివ్ కేర్ వార్డులో చాలా ఏళ్ళు హెడ్ నర్సుగా చేశారు, విజయనగరం వైపు నుంచి వచ్చారు, పెళ్ళి చేసుకోలేదు, అంత్యక్రియలు ఫలానా చోట. అందులో తప్పేమీ లేదు. ఆ నాలుగు వాక్యాల్లో పట్టని సంగతి ఒకటి ఉంది. దాన్ని రాయపూర్ తెలుగువాళ్ళు చదివే ఈ పత్రికలో రాస్తున్నాను.

ఆమెని మొదట చూసింది వార్త కోసం. ఒక మే నెలలో బీర్‌గావ్ రోలింగ్ మిల్లు నుంచి ఒక కూలీని తెచ్చారు. మాట తడబడుతోంది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. మిల్లులో అందరూ తాగి ఉన్నాడనుకున్నారు. నిజానికి అతను మూడు రోజులుగా కొలిమి దగ్గర చెమట కారుస్తూ, బిందెలకొద్దీ ఉత్త నీళ్ళు తాగాడు. రక్తంలో ఉప్పు పడిపోయింది. వెంట వచ్చిన ఫోర్‌మన్ తెలుగువాడే. సెలైన్ చుక్కలు పడుతున్న తీరు చూసి ఆగలేకపోయాడు.

"సిస్టరమ్మా, బాటిల్ కాస్త జల్దీ వదలండి. ఇలా చుక్క చుక్కా అయితే వీడెప్పుడు లేస్తాడు?"

"మూడు రోజులు పోగొట్టుకున్న ఉప్పు బాబూ అది. మూడు గంటల్లో ఎక్కించేస్తే మెదడు దెబ్బతింటాది. నీకు మనిషి కావాలా, జల్దీ కావాలా?"

"మనిషే."

"అయితే బయట బెంచీ ఉంది. ఎల్లి కూర్చో."

ఆ కూలీ నాలుగో రోజు లేచి బీడీ అడిగాడు. ఆ సంగతి రాశాను. వార్త చదివి ఆమె ఒక్క మాటే అన్నారు: "నాలుగో రోజు కాదు, ఐదో రోజు. చార్టు చూడాల్సింది." చార్టు చూశాను. ఐదో రోజే.

రక్తం తీసిన సీసాని ఆమె ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. తానే పట్టుకుని మెట్లు దిగి ల్యాబుకి తీసుకెళ్ళేవారు. వార్డు బాయ్ ఊపుకుంటూ తీసుకెళ్తే రక్తకణాలు చితికి పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుందని చెప్పేవారు. "సీసా అబద్ధం చెప్తే డాక్టరు నిజం మందు ఇస్తాడు," అనేవారు. నిండుగా ఉన్న టీ గ్లాసుని పట్టుకెళ్ళినట్టు ఆమె ఆ సీసాతో నడవడం చాలాసార్లు చూశాను.

రెండేళ్ళ తర్వాత, మళ్ళీ మే నెలలోనే, మా నాన్నని ఆ వార్డులో చేర్చాం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే మూడు రోజులు ఇంట్లోనే ఉంచుకున్నాం. ఆసుపత్రికి చేర్చేసరికి మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, వారం పది రోజుల్లో వాటంతట అవే కోలుకోవచ్చనీ, ఆలోగా రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుందనీ డాక్టరు చెప్పాడు. చేయవలసిందల్లా ఆ వారం పది రోజులు దాటించడం.

వార్డు తలుపు పక్కన ఒక నల్లబల్ల ఉండేది. రోగికి పొటాషియం పెంచేవి ఏమేమి పట్టకూడదో దాని మీద సిస్టరమ్మ హిందీలో రాసేవారు: పండ్ల రసం, అరటిపండు, పప్పుకట్టు. చివరి వరస మాత్రం తెలుగులో ఉండేది: కొబ్బరి నీళ్ళు. ఆ వరస మన కోసమే. విజయనగరం వైపు నుంచి రైల్లో వచ్చే చుట్టాల చేతుల్లో బోండాలు లేకుండా ఉండేవి కావు. ఆమె వాటిని గుమ్మం దగ్గరే తీసుకుని కిటికీ గట్టు మీద వరసగా పెట్టేవారు. ఒక్కోదానికీ మంచం నంబరు రాసిన చీటీ అంటించేవారు. రోగి కోలుకున్నాక పట్టుకెళ్ళమనేవారు.

ఆ బల్ల నేను చదివాను. చదవలేదని చెప్పడానికి లేదు.

రోజుకి ఇన్ని నీళ్ళే అని లెక్క పెట్టారు నాన్నకి. "గొంతు ఎండిపోతోందిరా. ఒక్క గుక్క," అని నన్ను చూసినప్పుడల్లా అడిగేవాడు. అమ్మ రెండో రోజు సాయంత్రం ఫ్లాస్కు నింపి ఇచ్చింది. "మీ నాన్నకి వేడి చేసిందిరా. ఈ నీళ్ళు పట్టు. ఆ నర్సమ్మకేటి తెలుసు?" అంది. నేను పట్టాను. మందు కాదు, మాకు కాదు, కొబ్బరి నీళ్ళే కదా అనుకున్నాను. మూడు సాయంత్రాలు, చూడ్డానికి వచ్చేవాళ్ళని వదిలే గంటలో, సిస్టరమ్మ అవతలి మంచం దగ్గర ఉన్నప్పుడు పట్టాను.

ఇంజెక్షన్లు ఇస్తే పొటాషియం దిగేది, మళ్ళీ ఎక్కేది. నాలుగో రోజు సాయంత్రం డాక్టరు నన్ను పిలిచి, తినడానికో తాగడానికో ఏమైనా పెట్టానా అని అడిగాడు. "కుఛ్ ఖిలాయా-పిలాయా తో నహీఁ?"

"నహీఁ సాబ్," అన్నాను.

ఆ రాత్రికి అది ఇంకా పెరిగింది. ఈసీజీ కాగితంలో గీతలు నిటారుగా లేచాయని డాక్టర్లు మాట్లాడుకున్నారు. మందులు పనిచేయడం లేదు కాబట్టి పొట్టకి గొట్టం వేసి రక్తం శుభ్రం చేయాలన్నారు. ఆ వయసులో, ఆ నీరసంలో అది చేస్తే బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. సంతకం పెట్టడానికి కాగితం తెచ్చారు.

సిస్టరమ్మ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. చేతిలో గళ్ళ కాగితం ఉంది. నాన్న వచ్చినప్పటి నుంచీ ప్రతి పరీక్షకీ ఒక చుక్క పెట్టి, చుక్కల్ని కలిపారు.

"నువ్వు పేపరోడివి కదా. ఇది చదువు."

చదివాను. మొదటి రోజు సాయంత్రం గీత దిగింది. ఆ తర్వాత మూడు సాయంత్రాలూ ఎక్కింది.

"మందు పనిచేయకపోతే ఉదయం ఎందుకు దిగుతాది? మందు పనిచేస్తోంది. ఆరు గంటలకి ఎవరో వచ్చి చెడగొడుతున్నారు," అన్నారు. గొంతు పెంచలేదు. "ఎవరో నాకు అక్కర్లేదు. ఏటి పట్టారో, ఎంత పట్టారో కావాలి. డాక్టర్లు కత్తి పట్టుకుని నిలబడ్డారు బాబూ."

"కొబ్బరి నీళ్ళు," అన్నాను. "రోజూ రెండు గ్లాసులు. నేనే పట్టాను."

ఆమె కాగితం మీద ఆ మూడు చుక్కల పక్కన రెండు రెండు అని వేసుకున్నారు. లోపలికి వెళ్ళి డాక్టరుతో, కారణం తెలిసింది, ఒక రోజు ఆగి చూద్దామన్నారు. డాక్టరు ఎవరని అడిగాడు. "ఇక పట్టరు సార్," అన్నారు.

తిరిగి వచ్చి ఫ్లాస్కు సంగతి అడిగారు. అమ్మ రోజూ పంపుతుందని చెప్పాను. "పంపనీ. ఇక్కడ సింకులో పారబోసి ఖాళీది పట్టుకెళ్ళు. ఆవిడ చేతులు ఊరికే ఉండలేవు. ఈ గొడవ ఆవిడకి చెప్పకు," అన్నారు. నాన్న దాహానికి తడిపిన దూది పెదవులకి ఎలా అద్దాలో చూపించారు.

మర్నాటి సాయంత్రం గీత ఎక్కలేదు. గొట్టం వేయలేదు. తొమ్మిదో రోజున సీసాలో అరగ్లాసుడు మూత్రం వచ్చింది. ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, కొలిచి, రాసుకుని, అప్పుడు నవ్వారు. నాన్న ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. అమ్మ మాత్రం తన కొబ్బరి నీళ్ళే ఆయన్ని నిలబెట్టాయని చివరిదాకా చెప్పుకుంది.

పక్క మంచం మీద ధర్సీవా ఊరి రైతు ఒకాయన ఉండేవాడు. అదే జబ్బు. ఆయన భార్య మూడు పూటలా "థోర్కన్ పానీ దే దే బాయీ," అని కాసిని నీళ్ళ కోసం సిస్టరమ్మని బతిమాలేది కానీ, తనంతట తాను చుక్క కూడా పట్టలేదు. ఆయన ఆరో రోజు పోయాడు. వాళ్ళు ఏ తప్పూ చేయలేదు కదా అని నేను సిస్టరమ్మని అడిగాను.

"చేయలేదు," అన్నారు. "అయినా పోయాడు." అప్పుడు ఆమె మంచం మీది దుప్పటి మారుస్తున్నారు.

ఆమెకే ఆ జబ్బు వచ్చాక మోవాకి నాలుగైదుసార్లు వెళ్ళాను. షుగరు వల్ల నెమ్మదిగా పాడైన కిడ్నీలు. వాటంతట అవి కోలుకునేవి కావు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కిందటి నెల వెళ్ళినప్పుడు నా మొహం కన్నా ముందు నా చేతులు చూశారు.

"సంచీ విప్పు."

"పేపర్లే సిస్టరమ్మా."

"నీ మాట కాదు, సంచీ చూపించు."

చూపించాను. నవ్వారు. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. మంచం పక్కన గిన్నెలో తడి దూది ఉంది.

"దాహం బాగా వేస్తుందా?" అన్నాను.

"వేస్తాది. మీ నాన్న ఊరికే అడగలేదు బాబూ." కాసేపటికి మళ్ళీ అన్నారు. "నీ మీద నాకు కోపం రాలేదు. నువ్వు ఆ రోజు చెప్పకపోతే వచ్చేది."

చిన్నదినం రోజున వెళ్ళాను. ఆమె గదిలో మంచం తీసేశారు. కిటికీ గట్టు మీద ఏడు బోండాలు ఉన్నాయి. చూడవచ్చినవాళ్ళు తెచ్చినవి. ఒక్కోదానికీ చీటీ అంటించి ఉంది. తెచ్చినవాళ్ళ పేరు, తేదీ, అన్నీ ఆమె చేతిరాతే. చివరి రెండింటి మీద అక్షరాలు వంకర పోయాయి. కోలుకున్నాక తాగుతానని అందరికీ చెప్పేవారట.

"వీటినేం చేయాలన్నయ్యా?" అంది మేనకోడలు.

నేను ఒకటి చేతిలోకి తీసుకున్నాను. తొక్క గోధుమరంగుకి తిరిగింది. ఊపబోయి ఆగాను. గట్టు మీద ఎక్కడిదక్కడ, చీటీ ఇటువైపు ఉండేలా, మళ్ళీ పెట్టేటప్పుడు లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించింది.