గట్టమ్మ ఇచ్చిన గోళీలు

మా సబ్‌సెంటర్ నర్సు గట్టమ్మకు నోరు ఎక్కువ, మనసు అంతకన్నా ఎక్కువ. గంగారం చుట్టుపక్కల తండాల్లో ఇరవై ఏళ్లు తిరిగి, గర్భం రాకుండా ఆడవాళ్లకు గోళీలు పంచింది. వద్దన్నవాళ్లకు తిట్టి మరీ ఇచ్చేది. ఆశ కార్యకర్తగా ఆమె సంచి మోసింది నేనే కాబట్టి, ఆ తిట్లలో సగం నా వాటా.

2011 ఎండాకాలంలో అందులో ఒక తండాలో విజయకు కొడుకు పుట్టాడు. నెల తప్పిన సంగతి తెలియక ఆమె రెండు నెలలు గోళీలు మింగుతూనే ఉంది. భయపడి అడిగితే గట్టమ్మ "ఏం గాదు పో" అంది. తీరా పుట్టాక చూస్తే పిల్లవాడి కళ్లు ఏటవాలుగా ఉన్నాయి, ఒళ్లంతా మరీ మెత్తన. వరంగల్ డాక్టరు రక్తం తీసి పరీక్షకు పంపాడు. ఈలోపే విజయ అత్త చాందీ తీర్పు చెప్పేసింది.

"నర్సమ్మ గోళీలే నా మనుమన్ని గిట్ల చేసినయ్. నాకు చెప్పకుండ కోడలు మింగింది. వీనికి ఢూండ్ చెయ్యం."

హోళీకి, ఆ ఏడు పుట్టిన మగపిల్లలను తండా నడుమ కూర్చోబెట్టి, కర్రలు తట్టుతూ పాడి, దీవించి పేరు పెడతారు. అదే ఢూండ్. అది జరగకపోతే పిల్లవాడు తండా లెక్కలో లేనట్టే. విజయ తిండి మానేసింది. మిగతా ఆడవాళ్లు గోళీల అట్టలు తెచ్చి మా సబ్‌సెంటర్ గుమ్మంలో పారేశారు.

గట్టమ్మ ఎవరినీ ఎదురు తిట్టలేదు. నాకు భయం వేసింది. "నేనే చేసిన్నేమోనే," అంది ఒకరోజు, అన్నం కలిపి తినకుండా.

రిపోర్టు వచ్చిందని కబురు అందేసరికి సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. మా ఊరి రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టించి వంటావార్పు మొదలుపెట్టిందే గట్టమ్మ! ఇప్పుడు వరంగల్ పోదామని ఆమె, నేను ఎక్కిన ట్రాక్టరును అక్కడే ఆపారు.

"ఒక్క బండి సుత పోవద్దని నువ్వే అంటివి గదక్కా?" అన్నాడు వంట చేస్తున్న కట్టయ్య.

"అన్న. జర పోనియ్యి తమ్మీ. నేను పాపం చేసిన్నో లేదో తెల్సుకోవాలె."

కట్టయ్య పొయ్యి రాళ్లు జరిపాడు.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. మన ఒంట్లో క్రోమోజోములు జతలుగా ఉంటాయట. ఈ పిల్లవాడికి ఇరవై ఒకటో రకం రెండుకు బదులు మూడు ఉన్నాయి. గర్భం నిలిచేనాటికే అది జరిగిపోయింది, తర్వాత మింగిన గోళీ తెచ్చింది కాదు. అంతకుముందు మింగినవాటి వల్ల వస్తుందని కూడా పరిశోధనల్లో తేలలేదు. ఆ మాట విని గట్టమ్మ దవాఖానలోనే బావురుమంది.

తిరిగి రాగానే తండాకు పోయి, చాందీ గాజుల చేయి పట్టుకుంది. "జోడు ఉండాల్సిన కాడ ఒకటి ఎక్కువ పడ్డది, చాందవ్వా. గోళీది గాదు, నీ కోడలిది గాదు తప్పు. ఏ తల్లికైన అయితది. పోరడు ఆలస్యంగ నడుస్తడు, ఆలస్యంగ మాట్లాడ్తడు. మనమే దగ్గర తియ్యాలె."

చాందీ నమ్మిందో లేదో మాకు తెలియలేదు. గట్టమ్మ మాత్రం ప్రతి వారం పోయి, పిల్లవాడి కాళ్లూ చేతులూ ఎలా ఆడించాలో విజయకు నేర్పింది.

హోళీకి మమ్మల్ని పిలిచారు. కర్రల చప్పుడు మధ్య ప్రేమ్‌సింగ్ అని పేరు పెట్టారు. వాడు ఆ చప్పుడుకు కిలకిలా నవ్వాడు, విజయ ఏడ్చింది. చాందీ మా దగ్గరికి వచ్చి, ఆడవాళ్లందరికీ వినబడేటట్టు అడిగింది.

"నర్సమ్మా, నా కోడలికి గోళీలు తెచ్చినవా? ఇంకొకలు ఇప్పుడే వద్దు. ముందుగాల వీన్ని నడిపియ్యాలె."

పండుగ కదా అని మేం సంచి తీసుకుపోలేదు. ప్రతిదానికీ నన్నే ఉరికించే గట్టమ్మ, ఆ మిట్టమధ్యాహ్నం నాలుగు కిలోమీటర్లు తానే నడిచిపోయి తెచ్చింది.