టార్పాలిన్ కింద కొబ్బరి డొక్కలు

చమఖండి దగ్గర మా మావయ్యకు మొగలిపూల అత్తరు బట్టీ ఉంది. ఆ అత్తరు కొనాలనుకుంటున్న విదేశీ కంపెనీ వాళ్లు ఈ రోజు వీడియో కాల్‌లో బట్టీ చూపించమన్నారు. అందులో మావయ్య ఎప్పుడూ కాల్చేది కాయలు ఒలిచాక మిగిలే కొబ్బరి డొక్కలే.

“డొక్కలు కాలుత్తామని తెలిస్తే సులకనగా సూత్తారొరే, కప్పెయ్” అన్నాడు. నేను ఆ కుప్ప మీద టార్పాలిన్ కప్పాను. పక్కింట్లోంచి సరుగుడు కట్టెలు బదులు తెచ్చి, బట్టీ ముందు దర్జాగా పేర్చాం.

కంపెనీ తరఫున మాట్లాడినావిడ ఆ కట్టెలు చూడగానే నీరుగారిపోయింది. వాతావరణం పేరు చెప్పి వాళ్ల దేశంలో దిగుమతి నిబంధనలు బిగించారట. “చెట్లు కొట్టి కాలిస్తే కష్టం. వృథాగా పోయే డొక్కల్లాంటివి వాడేవాళ్లు మీ వైపు ఎవరైనా ఉన్నారా?” అని హిందీలో అడిగింది.

మావయ్య నాకేసి తిరిగి, “ఇప్పుడేటి సెప్పమంతావురా?” అన్నాడు.

“ఉన్నది చెప్పు.”

“ఇంత కట్టె సూపించినాక నమ్ముతాదేటి?”

ఉన్నది చెప్పి చూశాడు. నిజమే, నమ్మలేదు. రేపు మళ్లీ చూస్తానంది.

లేమి అనుకుని దాచిందే అక్కడ గొప్పట! మీరూ ఇలాంటివి కప్పెట్టి ఉంటే చెప్పండి. మా టార్పాలిన్ మాత్రం ప్రస్తుతం కట్టెల మీద ఉంది.