సాయవ్వ తిప్పిన బస్తా చెవులు

బోధన్ దాటి రెంజల్ దారిలో రెండు మైళ్లు పోతే, ఆ రోజుల్లో ఒక చిన్న చక్కెర మిల్లు ఉండేది. బోధన్‌లోని పెద్ద ఫ్యాక్టరీ ముందు అది ఏ మూలకూ రాదు. అయినా చెరుకు నరికే కాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల బండ్లు దాని గేటు ముందు బారులు తీరేవి. ఆ మిల్లు గోదాములో బస్తాల మూతులు కుట్టే ఆడవాళ్లు పదకొండు మంది. అందరిలోకీ పాతది సాయవ్వ.

సాయవ్వకు అప్పటికే నలభై దాటాయి. పన్నెండు సీజన్లుగా అదే గోదాము, అదే దబ్బనం. చక్కెర నింపిన బస్తా మూతి మడిచి, జనపనార సుతిలితో కుట్టుకుంటూ పోవడం అందరూ చేసేదే. సాయవ్వ పనితనమంతా చెవుల్లో ఉండేది. హమాలీలు పట్టుకుని ఎత్తడానికి బస్తా రెండు మూలల్లో కాస్త గోనెను మెలిపెట్టి బిగించి కడతారు. వాటినే చెవులంటారు, అలా కట్టడాన్ని చెవులు తిప్పడమంటారు. మిగతావాళ్లు కట్టినవి ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా ఉండేవి. సాయవ్వవి మాత్రం కుందేలు చెవుల్లా జతగా, నిటారుగా నిలబడేవి.

ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. పాత జమేదారు బాపురావు ఇన్నేళ్లూ చేసింది ఒక్కటే, గుమ్మంలో నిలబడి అరవడం.

"ఏందే, చేతులకు గోరింటాకు పెట్టుకున్నరా? కానియ్యుండ్రి!"

ఆయన అటు తిరగగానే దబ్బనాలు ఆగిపోయేవి. కుట్టు ఊడిన బస్తా ఎవరిదని అడిగితే పదకొండు తలలూ ఒక్కసారే వంగేవి. ఆయన అందరినీ కలిపి తిట్టేవాడు. పదకొండు మంది పంచుకునే తిట్టు ఎవరికి తగులుతుంది? సాయవ్వ కూడా అందరితో పాటే తల వంచేది. కానీ చెవులు మాత్రం ఏనాడూ చెడగొట్టలేదు. ఎందుకని అడిగినవాళ్లు లేరు. అడిగితే ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు.

పంతొమ్మిది వందల అరవై ఆరులో బాపురావు పని మానేశాడు. ఆయన జాగాలో నిజామాబాద్ నుంచి దేవిదాస్ అనే సూపర్‌వైజర్ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. మొదటి రోజు అందరి పేర్లూ అడిగాడు. రెండో రోజు ఒక్క పేరూ తడుముకోలేదు. ఎండలో ఉన్న నీళ్ల కుండను నీడకు జరిపించాడు. పగటి అన్నం తిన్నాక కాసేపు నడుము వాల్చుకోనిచ్చాడు. ఆ తర్వాత ఒక కొత్త పద్ధతి పెట్టాడు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ఇచ్చాడు. బస్తా కుట్టాక చివరి ముడిలో ఆ దారం కలపాలి. ఎవరి కుట్టో దాన్నిబట్టి తెలుస్తుంది.

"శివరాత్రి నాటికి మీలనుంచి ఒకళ్లను మేస్త్రిని చేస్త," అన్నాడు. "ముందు వరసల కూసోవాలె, కొత్తోళ్లకు నేర్పాలె, అందరి బస్తాలు చూసి తోలాలె."

పది రోజుల్లో గోదాము మారిపోయింది. రోజూ ఆలస్యంగా వచ్చే నాగవ్వ సైరన్ కంటే ముందే వచ్చి కూర్చునేది. "నా పసుపు దారంది ఒక్కటన్న ఊడిందా సారూ?" అని వెంటపడి అడిగేది. ఊడిన బస్తాలు సగానికి సగం తగ్గాయి.

సాయవ్వకు ఎర్ర దారం వచ్చింది. మేస్త్రి పేరు తనకు కాక ఎవరికి వస్తుందిలే అనుకుంది. చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి పనికి పోయే ముందు తల నున్నగా దువ్వుకుంది.

కానీ దేవిదాస్ ఆగింది ఆమె దగ్గర కాదు, యేసమ్మ దగ్గర.

యేసమ్మ రెంజల్ మెథడిస్టు గుడి పక్కింటి పిల్ల. ఇరవై రెండేళ్లు. ఆ సీజన్‌లోనే చేరింది. దబ్బనం పట్టడం నేర్పింది సాయవ్వే. మొదట్లో ఆ పిల్ల కుట్టు వంకరటింకరగా పోయేది. దేవిదాస్ రోజూ ఆమె ముందు ఆగి బస్తా కుట్టును లాగి చూసేవాడు.

"యేసమ్మా, నిన్నటికంటె ఇయ్యాల మంచిగున్నది."

ఆ పిల్ల మొహం వెలిగిపోయేది. తర్వాత సాయవ్వ వరస వచ్చేది. ఆయన ఎర్ర దారం వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా ముందుకు పోయేవాడు. సాయవ్వ దబ్బనం ఆపి ఆయన వీపునే చూసేది. రోజూ అంతే.

నాగవ్వ ఊరుకుంటుందా? "అక్కా, గా పొల్లకు సారు దండ తెచ్చెటట్టే ఉన్నడు. గది మేస్త్రి అయితె నువ్వు సుతిలి అందియ్యాలె ఇగ."

"తేనీ, నాకేంది?" అంది సాయవ్వ. దబ్బనం వేలికి గుచ్చుకుంది.

ఇంటికి పోయినా అదే ధ్యాస. అన్నం కలుపుతూ మొగుడు ఆశన్నతో అంది, "వంకర కుట్టు కుట్టేటోళ్లకే మంచి మాటలు. నేను గూడ వంకర కుడితె బాగుండు."

"అట్లనే కుట్టు మరి," అన్నాడు ఆశన్న, మాట సాంతం వినకుండానే.

శివరాత్రి వారం రోజులుందనగా, ఒక మధ్యాహ్నం అందరూ నడుము వాల్చారు. యేసమ్మ నీలం దారాలు డబ్బా మూతలో, పక్కనే ఉన్నాయి. సాయవ్వ ఒక దారం తీసుకుంది. బస్తా ఒకటి ముందుకు లాక్కుంది. కుట్టుకూ కుట్టుకూ నడుమ బెత్తెడు ఎడం వదిలింది. సుతిలిని బిగించలేదు. చివర నీలం దారం ముడేసింది. చెవులు కూడా వదులుగా వదిలేద్దామనుకుంది. వేళ్లు వినలేదు. రెండుసార్లు విప్పింది, రెండుసార్లూ అవే బిగిసిన చెవులు వచ్చాయి. ఎవరన్నా లేస్తారని భయమేసి, బస్తాను యేసమ్మ వరసలోకి దొర్లించింది.

నాలుగో రోజు బండి తోలే లింబయ్య ఆ బస్తాను స్టేషన్ నుంచి వెనక్కి తెచ్చి గోదాములో దించాడు.

"సగం చక్కెర టేసన్ల చీమలకే పెట్టినం సారూ," అన్నాడు.

దేవిదాస్ నీలం దారం చూశాడు. అందరినీ పిలిచాడు. సాయవ్వకు భయం సగం, సంబరం సగం.

యేసమ్మ బస్తాను అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా దారమే సారూ. గిట్ల ఎన్నడు కుట్టిన్నో యాదికొస్తలేదు. నా తప్పే."

తిట్టు పడుతుందని సాయవ్వ చెవులు రిక్కించింది. తిట్టు పడలేదు.

"చూడుండ్రి," అన్నాడు దేవిదాస్ అందరివంకా తిరిగి. "ఇన్నేండ్లల్ల ఈ గోదాముల నాది అని ఒప్పుకున్న మనిషి ఉన్నదా? గిదే కావాలె నాకు." అంతటితో ఊరుకోకుండా బస్తా మూలలు పట్టుకుని పైకెత్తాడు. "కుట్టంటె ఊడింది. కని గీ చెవులు చూడుండ్రి. రెండు ఎంత సమానంగున్నయ్! గింత తొందరగ నేర్చుకున్నది యేసమ్మ."

సాయవ్వ రెండడుగులు ముందుకు వేసింది. ఇన్నేళ్లుగా ఒక్కరూ అనని మాట. తన చెవుల గురించిన మాట. అది పోయి ఆ పిల్ల ఒళ్లో పడింది.

"గా చెవులు నావి!" అని అరిచింది.

నాగవ్వ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"గా పొల్లది చెవులు తిప్పుడు కాదు, పీకుడు!" అంటూ సాయవ్వ యేసమ్మ కుట్టిన మరో బస్తాను కాలితో ముందుకు తోసింది. "కండ్లు పెట్టి సూడుండ్రి సారూ. గీ బస్తా నేను కుట్టిన. దారం గా పొల్లది, చెయ్యి నాది."

అన్నాక గానీ తను ఏమన్నదో ఆమెకు తెలిసిరాలేదు. యేసమ్మ ఏడుపు ఆపి ఆమె వంకే చూస్తోంది.

"ఎందుకు చేసినవ్ సాయవ్వా?" దేవిదాస్ గొంతు పెంచలేదు.

"పన్నెండు సీజన్ల సంది కుడుతున్న. మంచిగున్నదని ఒక్కలన్న అన్నరా? మీరన్న అన్నరా?"

ఆయన బస్తా మూలలు వదిలేశాడు. "కొత్త పిల్లకు ధైర్యం రావాలని రోజు చెప్పిన. నీ పని మంచిగుంటదని నాకెరుకే. నీకు చెప్పుడెందుకనుకున్న."

"మీకెరుకైతె నాకెట్ల ఎరుకైతది?"

దేవిదాస్ ఆమెను పనిలోంచి తీసేయలేదు. శివరాత్రి తెల్లారి యేసమ్మను మేస్త్రిని చేశాడు. అందరూ అనుకున్నదే. అయినా సాయవ్వకు ఆ రోజు అన్నం సహించలేదు. మరునాడు పోవద్దనుకుంది. తన జాగాలో నాగవ్వ కూర్చుంటుందేమోనన్న ఆలోచన వచ్చి లేచి పోయింది.

యేసమ్మ ముందు వరసలోంచి లేచి, ఒక్కొక్క బస్తా కుట్టునూ లాగి చూస్తూ వచ్చింది. సాయవ్వ బస్తా దగ్గర చేయి వెనక్కి తీసుకుంది.

"నీది నేను సూసుడేందక్కా."

"అందరియి గుంజినట్టు నాది గూడ గుంజు. మేస్త్రివి కావా?" అంది సాయవ్వ కటువుగా.

ఆ పిల్ల గుంజి చూసింది. కుట్టు కదలలేదు. తన జాగాకు పోయి కూర్చుంది.

పొద్దు వాలే వేళ దేవిదాస్ వరసల మధ్య నడుచుకుంటూ వచ్చి సాయవ్వ ముందు ఆగాడు. వంగి బస్తా మూలలు పట్టుకున్నాడు.

"చెవులు మంచిగ తిప్పినవ్, సాయవ్వా."

సాయవ్వ ముందుగా ఆయన మొహం చూడలేదు. ముందు వరస వైపు చూసింది. అక్కడ యేసమ్మ తల వంచుకుని సుతిలి విప్పుకుంటోంది. ఈ మాట విన్నట్టు లేదు.

"సారూ," అంది సాయవ్వ, "జర గట్టిగ అనుండ్రి."